కొండమొద్దును పలకరించిందెవరు?

చురకలక్కకు ఆ పేరు రెండు విధాలా తగింది. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేస్తున్న మనిషి కాబట్టి ఆమె ముంజేతుల మీద పాత చురకల మచ్చలు చాలా ఉన్నాయి. అవి ఇస్త్రీపెట్టె ఆమెకు పెట్టినవి. ఆమె ఎదుటివాళ్ళకు పెట్టినవి బయటికి కనిపించవు గానీ, ఆ షాపులో ఎవరిని కదిపినా తమ వంతు చురక ఎందుకు పడిందో చెప్పగలరు. హ్యాంగర్లు తిరగేసి తగిలించినందుకు ఒకరికి, తడి ఆరని కోటు తెచ్చి బల్ల మీద పడేసినందుకు ఒకరికి, ఏ పనీ చేయకుండా నిలబడి చూసినందుకు ఇంకొకరికి. యజమాని కూడా ఆ గదిలోకి వచ్చేటప్పుడు గుమ్మం అవతలే ఒకసారి దగ్గి మరీ వస్తాడు.

పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టలేం. వేలు తడి చేసి పెట్టె అడుగున ఇట్టే తాకించి తీస్తుంది. ఆ చుయ్‌మనే చప్పుడును బట్టి ఈ వేడి పట్టుకు పనికొస్తుందా, నూలుకు పనికొస్తుందా తేల్చేస్తుంది. పెట్టె మీద వేడి చూపించే చక్రం ఒకటుంది గానీ దాన్ని ఆమె లక్ష్యపెట్టదు. "దాని ఇష్టమొచ్చినట్టు అది తిరుగుతుంది. నాకు నా వేలు చాలు," అంటుంది. ఆ గదిలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె చేతిలో ఒక్క బట్ట కాలలేదు.

అలాంటి మనిషి ఆ రోజు ఒక తెల్ల చొక్కా వీపు మీద పెట్టెను అలాగే వదిలేసి నిలబడిపోయింది.

పక్క బల్ల దగ్గర మరకల మామయ్య కూర్చుని ఎవరిదో కోటు మీద ఇంకు మరకను బ్రష్షుతో రుద్దుతున్నాడు. మరకలు తీయడం ఆయన పని. వాసన ముందు ఆయనకే తగిలింది. "అమ్మాయ్, చొక్కా!" అని అరిచాడు. చురకలక్క పెట్టె ఎత్తేసరికి చొక్కా వీపున పెట్టె ఆకారం గోధుమరంగులో చక్కగా దిగిపోయి ఉంది. ఆమె దాని వంక చూడను కూడా లేదు. రెండో చేతిలో ఉన్న ఫోను వంకే చూస్తోంది. ఫోనులో ఒకటే వాక్యం: "మీ కొండమొద్దు ముసలితనంలో అడుగుపెట్టింది."

"ముసలిదైపోయింది మామయ్యా," అంది.

"అయ్యో, ఎవరమ్మా? మీ అత్తగారా?"

"కొండమొద్దు."

"అంటే?"

"ఫోన్లో ఉంటుంది. ఆటలో."

మామయ్య లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "ఫోన్లో ఉండేది ముసలిదైతే ఈ చొక్కా ఏం పాపం చేసిందమ్మా?" అన్నాడు.

"మీకర్థం కాదు. నేను దాన్ని ఏడాది పైన పలకరించలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా! పలకరించకుండా దానికి వయసెలా వస్తుంది? ఎవరో పలకరించారు. ఎవరో ఏంటి, అదే! నేను కాక దాన్ని లేపగలిగేది ఇంకెవరు?"

ఆ కోపంలో 'అదే' అన్నది చెల్లెలిని.

ఈ గొడవ తలకెక్కాలంటే ఆ ఆటలో ప్రాణులకు వయసు ఎలా వస్తుందో ముందు చెప్పాలి. ఆట ఒక అడవి. అందులో ఎక్కడా లేని జంతువులుంటాయి. గుడ్డు పగిలి కూన వస్తుంది, కూన పడుచుదవుతుంది, పడుచుది పెద్దదవుతుంది, పెద్దది ముసలిదవుతుంది. అంతవరకు మనమంతా నడిచే దారే. కానీ ఆ అడవిలో గడియారం లేదు. ఆట తెరవగానే తెరంతా పొగమంచు కప్పి ఉంటుంది. మంచు లోపల మన జంతువు నిద్రపోతూ లీలగా కనిపిస్తుంది. కింద 'పలకరించు' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మంచు విడిపోతుంది, జంతువు లేచి మన దగ్గరికి వస్తుంది, దానికి ఒక రోజు మొదలవుతుంది. ఆ రోజంతా దానితో తిరగొచ్చు, నీళ్ళు తాగించొచ్చు, కట్టెలు మోయించొచ్చు. పొద్దుగూకగానే అది మళ్ళీ ముడుచుకుని పడుకుంటుంది. మళ్ళీ ఎవరో ఒకరు పలకరించేదాకా దానికి తెల్లవారదు. మన వైపు నెలలు పోనీ, ఏళ్ళు పోనీ, అక్కడ దానికి ఒక్క వెంట్రుక నెరవదు.

అంటే దాని ఆయుష్షు ఏళ్ళలో లేదు, పలకరింపుల్లో ఉంది. జాతికి ఇన్నని రాసిపెట్టి ఉంటాయి. మిణుగురు జాతికి బొత్తిగా తక్కువ. నీటిపిల్లులకు ఇంకాస్త నయం. రెక్కల గొర్రెలు బాగానే బతుకుతాయి. అన్నిటికన్నా గట్టిది కొండమొద్దు. ఏ జాతికి ఎన్ని అన్నది మాత్రం ఆట బయటపెట్టదు. మేత ఎక్కువ పెట్టినా ఆ లెక్క పెరగదు, మందు పోసినా పెరగదు. ముసలితనం వచ్చాక జంతువు చెవుల దగ్గర నుంచి తెల్లబడుతుంది, బరువులు మోయదు, పలకరిస్తే లేచి రావడానికి ఆలస్యం చేస్తుంది. ఆఖరి పలకరింపుకు ఎలాగో లేచి వచ్చి, మన వైపు తల ఆనించి, అక్కడే పడుకుంటుంది. చూస్తుండగానే దాని వీపున గడ్డి మొలుస్తుంది. చిన్న దిబ్బ అయిపోతుంది. దిబ్బ దగ్గర బటన్ ఉండదు.

ఇంత పాడు లెక్క కనిపెట్టిన మహానుభావుడెవరో ఒకసారి తన ఇస్త్రీ బల్ల దగ్గరికి రావాలని చురకలక్క ఎన్నోసార్లు కోరుకుంది. పలకరిస్తే చావు దగ్గరవుతుంది, పలకరించకపోతే మంచులో పడి ఉంటుంది. ఇదేం న్యాయం అని ఆమె అడిగితే తప్పేముంది? నన్నడిగితే తప్పు లేదు.

ఆట తెచ్చిపెట్టింది చెల్లెలే. నోరు మూతపడదని చిన్నప్పటి నుంచీ దాన్ని ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు. ఆ పేరు పెద్దయ్యాకా వదల్లేదు. కళ్ళజోళ్ళ షాపులో పని. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా నిలువుకాళ్ళ మీద ఉండి, వచ్చినవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు పెట్టి తీస్తూ, "మీ ముఖానికి ఇది ఎంత బావుందో చూడండి," అని అందరికీ ఒకటే మాట చెబుతుంది. ఒక సెలవు రోజు అక్క ఇంటికొచ్చి ఫోను లాక్కుని ఆ ఆట ఎక్కించింది. ఇద్దరికీ కలిపి ఒకే గుడ్డు తీసుకుంది. పేర్ల దగ్గర 'అక్క', 'చెల్లి' అని కొట్టింది. "నీ కోపం కాస్త దీని మీద చూపించు, బావ బతికిపోతాడు," అంది.

ఆ మొదటి గుడ్డులోంచి మిణుగురు పుట్టింది. అప్పటికి ఇద్దరికీ లెక్క తెలియదు. చురకలక్కకు అది తెగ ముద్దొచ్చింది. టీ తాగుతూ పలకరించింది, అన్నం తింటూ పలకరించింది, పెట్టె వేడెక్కేలోపు పలకరించింది, చల్లారేలోపు పలకరించింది. సాయంత్రానికి అది గడ్డిపరక కింద చేరిపోయింది. చురకలక్క ఫోనును దుప్పట్ల కుప్పలోకి విసిరికొట్టి, మళ్ళీ వెతికి తీసి, చెల్లెలికి ఫోన్ చేసింది.

"చచ్చేదాన్ని ఎందుకిచ్చావే నాకు?"

"నువ్వే చంపావక్కా, ముద్దు చేసి చేసి!"

ఆ తర్వాత తీసుకున్న గుడ్డు కొండమొద్దుది. బండరాయంత ఒళ్ళు, వీపున నాచు, పొట్టి కాళ్ళు, ఆ ఒంటికి ఏమాత్రం సరిపోని బుల్లి చెవులు. సంతోషం వస్తే తుమ్ముతుంది. ఈసారి ఒప్పందం ముందే అయింది. వారానికి ఒక్క పలకరింపు. ఆదివారం సాయంత్రం, ఇద్దరూ ఫోన్ స్పీకర్లో ఉండగా. ఒంటరిగా ఎవరూ లేపకూడదు. లేపితే దాగదు కూడా. కొండమొద్దు లేవగానే నేల వాసన చూసి, కిందటిసారి ఎవరు వచ్చారో చెప్పేస్తుంది. 'నిన్న అక్క వచ్చింది,' 'నిన్న చెల్లి వచ్చింది,' 'నిన్న ఇద్దరూ వచ్చారు.' దానికి అన్నీ నిన్నలే.

"పలకరించనా?" అనేది పిచ్చుక.

"ఉండవే, టీ తెచ్చుకోనీ."

కొండమొద్దు తుమ్ముకుంటూ వచ్చి కట్టెలు మోస్తుండేది. ఇక్కడ వీళ్ళిద్దరూ షాపులో ఎవరు ఏమన్నారు, ఎవరిని ఎలా కడిగిపారేశారు, మొగుళ్ళు ఏం తిన్నారు, ఏం వదిలేశారు అన్నీ చెప్పుకునేవాళ్ళు. నిజానికి ఆ కాసేపట్లో కొండమొద్దు ప్రసక్తి వచ్చేది తక్కువ. కొన్నేళ్ళు అలా నడిచింది. కొండమొద్దు కూన నుంచి పడుచుదై, పడుచుది కాస్తా పెద్దదై, నిదానంగా పెరుగుతూ వచ్చింది. ఈ లెక్కన మన తర్వాత కూడా ఉంటుందే అని నవ్వుకునేవాళ్ళు.

ఇంతలో పిచ్చుకకు మోకాలి ఆపరేషన్ అయింది.

ఆ సంగతి పిచ్చుక చెప్పలేదు. పిచ్చుక మొగుడు చెప్పాడు. అదైనా అక్కకు కాదు, అక్క మొగుడికి. ఆయన లిఫ్టుల మెకానిక్. ఏదో లిఫ్టు గుంతలో దిగి ఉండగా ఫోన్ వచ్చింది, సగం విన్నాడు, సగం వినలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "మీ చెల్లికి మోకాలికేదో చేశారట, ఇంటికి కూడా వచ్చేసిందట," అన్నాడు. చురకలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చేశారటా? అయిపోయిందా? నాకు మాట మాత్రం చెప్పకుండా కోయించుకుందా? నేనేమన్నా దారిన పోయేదాన్నా?"

"వెళ్ళి పలకరించి రా, ఆ అడిగేదేదో అక్కడే అడుగు."

"చెప్పనిచోటికి నేను పోను."

పలకరించడమంటే ఊరికే మాట్లాడటం కాదని ఆమెకూ తెలుసు. ఒంట్లో బాగాలేని మనిషి దగ్గరికి పోయి, మంచం పక్కన కూర్చుని, విషయమంతా తెలిసి ఉన్నా సరే ఎలా జరిగిందని అడగాలి. వాళ్ళు మొదటి నుంచీ చెబుతుంటే అడ్డం రాకుండా వినాలి. ఎంతమందికి చెప్పుకుంటే వాళ్ళకు నొప్పి అంత తగ్గుతుంది. ఎదురింటావిడకు పళ్ళు పీకించుకుంటే వెళ్ళి కూర్చుని ఆ కథంతా విన్న మనిషి, సొంత చెల్లెలికి మోకాలు కోస్తే వెళ్ళలేదు. ఆ పొగరుకు ఎవరైనా చీవాట్లు పెట్టి ఉంటే బాగుండేది. పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అవతల నుంచి జవాబు వచ్చింది. "భయపడుతుందని ముందు చెప్పలేదు. తెలిశాక కూడా రాలేదంటే నేను చచ్చినా రాదు." ఇదీ మొగుళ్ళ ద్వారానే వచ్చింది. ఆ ఇద్దరు మగవాళ్ళూ ఈ కబుర్లు అటూ ఇటూ మోయలేక కొన్నాళ్ళకు ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం మానేశారు.

మొదటి ఆదివారం చురకలక్క టీ పెట్టుకుని ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది. ఫోన్ మోగలేదు. తానూ చేయలేదు. చల్లారిన టీని సింకులో పారబోసి, "పోనీ," అంది. తర్వాతి ఆదివారం టీ కూడా పెట్టుకోలేదు.

కానీ రోజూ చెల్లెలితో పోట్లాడుతూనే ఉంది. ఇస్త్రీ చేస్తూ చేస్తూ, మనసులో. ఒక్కొక్క చొక్కాకు ఒక్కొక్క వాదన. కాలరు దగ్గర మొదలుపెడితే చేతుల మడతలు అయ్యేసరికి చెల్లెలి నోరు మూయించేసేది. ఆ పోట్లాటల్లో చెల్లెలు ఎప్పుడూ ఒకేలా ఉండేది. నల్లటి జడ వెనక్కి విసురుతూ, చేతులు తిప్పుతూ, మాటకు మాట అప్పజెబుతూ. ఇక ఆట సంగతికొస్తే, తాను పలకరించకపోవడమే దానికి మేలని చురకలక్క గట్టిగా నమ్మింది. మంచులో హాయిగా పడుకుని ఉంటుంది, వయసు పెరగదు, చావదు. ఈ కోపాలు చల్లారినప్పుడు ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. అలా తాను దాన్ని కాపాడుతున్నాననుకుంది.

అందుకే ఆ రోజు ఆ ఒక్క వాక్యం చూసి అంతలా నిప్పులు చెరిగింది.

యజమాని దగ్గుకుంటూ వచ్చి కాలిన చొక్కా చూసి, చూడనట్టు నిలబడ్డాడు. "నేనే కాల్చాను. ఆ చొక్కా ఆయనకు నేనే చెబుతాను. ఇప్పుడు ఇంటికి పోతున్నాను," అంది. పోవచ్చునా అని అడగలేదు. ఆయన సరేనని తలూపేలోపే ఏప్రన్ కొక్కానికి తగిలించేసింది.

షాపు మెట్ల మీద నిలబడి ఆట తెరిచింది. మంచు. మంచు లోపల కొండమొద్దు నిద్రపోతున్న ఆకారం. అంత మంచులోనూ చెవులు తెల్లగా తెలుస్తున్నాయి. ఆ బుల్లి చెవులు తెల్లబడితే ఇంత బాధగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. వేలు బటన్ దాకా వెళ్ళింది. పలకరిస్తే ఎవరొచ్చారో చెబుతుంది. కానీ ఆ మాట చెప్పించుకోవడానికి ఒక పలకరింపు ఖర్చు. ముసలిదానికి ఇంకెన్ని మిగిలి ఉన్నాయో ఏమో. వేలు వెనక్కి తీసుకుంది.

"నేను ఖర్చుపెట్టను. దొంగను ఇంట్లోనే పట్టుకుంటాను," అని పైకే అనేసి బస్సెక్కింది.

దారిలో మొగుడు ఫోన్ చేశాడు. మరకల మామయ్య ఆయన చెవిన వేసినట్టున్నాడు. "ఫోన్లో బొమ్మ కోసం ఇప్పుడు వాళ్ళింటి మీదికి పోతావా? వినేవాళ్ళు నవ్వుతారు," అన్నాడు.

"నవ్వనీయండి. నవ్వేవాళ్ళ చొక్కాలు కూడా నా దగ్గరికే వస్తాయి," అని పెట్టేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాటలు పేర్చుకుంది. ముందు, 'ఒప్పందం ఏంటి, నువ్వు చేసిందేంటి?' అనాలి. అది సాకులు చెబుతుంది. అప్పుడు, 'నేను కాపాడుకుంటూ వస్తుంటే నువ్వు దాన్ని తినేశావు,' అనాలి. అది ఏడుస్తుంది. ఏడ్చినా కరగకూడదు. ఆపరేషన్ సంగతి తనంత తానుగా ఎత్తకూడదు. అది ఎత్తితే, 'నాకు చెప్పి చేయించుకున్నావా?' అని ఒక్క మాట పడేసి లేచి రావాలి. పక్క సీటావిడ ఈమె పెదవులు కదలడం చూసి కాస్త జరిగి కూర్చుంది.

పిచ్చుక ఉండేది మూడో అంతస్తులో. మెట్లెక్కుతుంటే కోపం తగ్గుతుందంటారు గానీ ఈమెకు మెట్టు మెట్టుకూ పెరిగింది. తలుపు పక్కన ఒక చేతికర్ర ఆనించి ఉంది. ఎవరో ముసలివాళ్ళు వచ్చినట్టున్నారు, వాళ్ళ ముందే కడిగేస్తాను అనుకుంది. బెల్లు కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టింది. లోపల ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఒక అడుగు పడింది. ఆగింది. ఇంకో అడుగు. మళ్ళీ ఆగింది. తలుపు తీయడానికి ఇంతసేపా, నేనని తెలిసి కావాలనే చేస్తోంది అని పళ్ళు నూరింది. బెల్లు మీద పెట్టిన వేలు తీయలేదు.

తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఉన్న మనిషికి చెవుల పక్క నుంచి జుట్టు తెల్లబడి, ఆ తెలుపు జడ సగందాకా దిగింది. మందం అద్దాల కళ్ళజోడు, మెడలో దానికో తాడు. ఒక చేత్తో తలుపు పట్టుకుని, బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడి ఉంది. మనసులో రోజూ పోట్లాడిన మనిషి కాదు. ఆ మనిషికి అమ్మలా ఉంది.

చురకలక్కకు గుండె గుభేలుమంది. ఆ గుభేలు నోటి దాకా వచ్చేసరికి కోపమే అయింది, ఆమెకు అన్నీ అలాగే వస్తాయి.

"ఏమే! ఎవర్నడిగి ఇలా ముసలిదానివయ్యావే?"

పిచ్చుక కళ్ళజోడు సర్దుకుంది. "లోపలికొచ్చి తిట్టక్కా. నిలబడలేను," అంది.

లోపలికి నడవడానికి అది గోడ పట్టుకుంది. అక్క చేయి ఇవ్వబోయి, ఇస్తే ఓడిపోయినట్టవుతుందని ఇవ్వలేదు. వెనకే నడిచింది. పిచ్చుక కుర్చీలో మెల్లగా కూలబడింది. చురకలక్క నిలబడే ఉండి ఫోను తీసి టేబుల్ మీద పెట్టింది. తెర మీద మంచు.

"దీన్ని పలకరించింది నువ్వేగా?"

"నేనే."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

"రోజూనా? సిగ్గు లేదూ నీకు? వారానికి ఒక్కసారి అని ఒప్పుకున్నామా లేదా? ఇద్దరం ఉంటేనే అనుకున్నామా లేదా? ఇక్కడ నేను నోరు కట్టుకుని, వేలు కట్టుకుని దాన్ని కాపాడుకొస్తుంటే, అక్కడ నువ్వు రోజూ దాని ప్రాణం తోడేస్తున్నావా? ఏం పని నీకు దానితో రోజూ?"

"నువ్వొచ్చావేమోనని."

"ఏంటి?"

"నువ్వు వచ్చిపోయావేమోనని చూసేదాన్ని. పలకరిస్తేనే కదా అది చెబుతుంది ఎవరొచ్చారో." పిచ్చుక కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "మంచం మీద ఉన్నప్పుడు మొదలైందిలే. ఇవాళ కాకపోతే రేపు, ఫోన్ చేయడానికి పొగరడ్డం వచ్చినా దాని దగ్గరికైనా రాకపోతుందా అనుకున్నా. రోజూ పొద్దున్నే లేపి అడిగేదాన్ని. అది లేచొచ్చి, నేలంతా వాసన చూసి, రోజూ ఒకటే మాట. 'నిన్న చెల్లి వచ్చింది.'"

చురకలక్క కుర్చీ వీపును పట్టుకుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఫోన్ చేయొచ్చుగా నాకు!" అని అరిచింది.

"నువ్వు చేయొచ్చుగా!"

"ఆపరేషన్ చేయించుకుంది నువ్వు!"

"చేయించుకున్నదే ఎదురు ఫోన్ చేసి, వచ్చి నన్ను పలకరించు అని అడుక్కోవాలా? ఎవరైనా అడుక్కుంటారా అలా? మా షాపులో నేలలు తుడిచే ఆవిడొచ్చింది. పై వాటాలో ఎవరో ముక్కూ మొహం తెలియనామె వచ్చి కూర్చుని పోయింది. బెల్లు మోగితే చాలు, అక్కేనేమో చూడండి అని మీ మరిదిని తరిమేదాన్ని. అక్కకు తీరికుండదులే అని అందరికీ నేనే సర్దిచెప్పేదాన్ని."

"నాకు చెప్పకుండా..."

"చెప్పలేదు. తప్పే. ఆ ఒక్క తప్పుకు ఏడాది పైనా?" ఇప్పుడు పిచ్చుక గొంతు కూడా లేచింది. చిన్నప్పటి నుంచి ఎవరికి కోపం ఎక్కువో తేలని పుట్టిల్లు వాళ్ళది. అక్క అరుపులకు పేరొచ్చింది, అంతే. "కాపాడానంటావేంటక్కా? దాన్ని మంచులో పడేసి పోయావు. నన్నూ అలాగే పడేసి పోయావు. నువ్వెప్పుడొస్తే అప్పుడు లేచి తుమ్ముకుంటూ వస్తాననుకున్నావు. నేను ఆటలో లేను. నువ్వు పలకరించినా, పలకరించకపోయినా నాకు రోజూ తెల్లవారుతూనే ఉంది!"

ఎంత వెతికినా కోప్పడటానికి చురకలక్కకు తాను తప్ప ఎవరూ దొరకలేదు. ఆట కనిపెట్టినవాణ్ణి తిడదామంటే వాడి లెక్క వాడి అడవి వరకే. ఆ లెక్కను ఇంటికి తెచ్చుకుని చెల్లెలికి కట్టింది తాను. చూడకపోతే ఆగుతుందనుకుంది. తాను చూడని ఆదివారాలన్నీ ఆ జుట్టు మీదికి ఎక్కాయి. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మళ్ళీ కోపమొచ్చింది.

అప్పుడు కనిపించింది, కుర్చీ పక్కన నేల మీద ఒక సంచి. తువాళ్ళు, నీళ్ళ సీసా, దువ్వెన, మడత పెట్టిన దుప్పటి. ఇస్త్రీ లేని దుప్పటి.

"ఎక్కడికి పోతున్నావు?"

పిచ్చుక సంచిని కుర్చీ వెనక్కి జరపబోయింది.

"అడిగేది నిన్నే. ఆ సంచేంటి?"

"రెండో మోకాలు. ఎల్లుండి."

"నాకు చెప్పేదానివా?"

"లేదు."

"చెప్పకుండా పోయేదానివా!"

"చెప్పినా రావనుకున్నా."

చురకలక్క ఆ సంచి దగ్గరికి వెళ్ళి దుప్పటి తీసి విప్పింది, దులిపింది, మళ్ళీ అంచుకు అంచు కలిపి మడతపెట్టింది. మడత వంకరపోయింది. విప్పి మళ్ళీ పెట్టింది. దాన్ని సంచిలో కుక్కి, మూల ఉన్న ప్లాస్టిక్ కుర్చీని బరబరా లాక్కొచ్చి చెల్లెలి ఎదురుగా వేసుకుంది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"ముందు ఏ కాలికి చేశారు?"

"దీనికి."

"చీర ఎత్తు. చూపించు."

పిచ్చుక చూపించింది. మోకాలి మీద నిలువుగా కుట్ల గీత. మానిపోయి, చర్మం రంగులో కలిసిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చి ఉంటే కనిపించేది కూడా కాదేమో. చురకలక్క చురకల మచ్చల చేతిని దాని మీద పెట్టింది. పెట్టె వేడి చూసినట్టు ఇట్టే తీసేయలేదు.

"ఎలా జరిగింది?" అంది. గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు. పోలీసులు అడిగినట్టు అడిగింది.

"ఏది?"

"ఆపరేషన్! ఎలా జరిగింది? ఎవరు తీసుకెళ్ళారు, మత్తు ఎక్కడిచ్చారు, లేచాక ఏం తాగావు, ఎంత నొప్పి పుట్టింది. అన్నీ. మొదటి నుంచి చెప్పు. ఒక్క ముక్క వదిలావో, చూడు మరి."

"చాలా పొడుగు కథ అక్కా."

"నిన్ను పొడుగెంత అని అడిగానా? చెప్పు."

పిచ్చుక కళ్ళజోడు పెట్టుకుంది. "ఆ రోజు పొద్దున్నే వాన," అని మొదలుపెట్టింది. "మీ మరిదికి ఆటో దొరకలేదు..."

టేబుల్ మీద ఫోనులో మంచు అలాగే ఉంది. కాసేపు బటన్ వెలిగి, తర్వాత తెర దానంతట అదే ఆరిపోయింది. ఆ రోజు కొండమొద్దును ఎవరూ పలకరించలేదు.